రెండు ప్రాసెసర్లు, ఒక బోరు

2019 ఏప్రిల్ 8, సోమవారం

కాలేజీ మూసేసి ఏడాది కావస్తోంది. ఇంత పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో ఇప్పుడు ఉన్నది వాచ్‌మన్ పని చేసే బిక్షమ్మ, నేను. పాత విద్యార్థుల రికార్డులన్నీ సర్వర్‌లో ఉన్నాయి. అవి యూనివర్సిటీకి అప్పగించేదాకా సర్వర్ నడవాలి, సర్వర్ నడవాలంటే ల్యాబ్ ఇన్‌చార్జి ఉండాలి. అందుకే నాకింకా జీతం వస్తోంది, ఖాళీ లేడీస్ హాస్టల్లో ఒక గది ఉంది. బిక్షమ్మ కట్టంగూర్ పోయింది. ఈరోజు నా గొంతు నేనే వినలేదు.

ఏప్రిల్ 11

ఓటు వేసి వచ్చాను. వేలికి సిరా. చూపించడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 15

కాలేజీ సెక్రటరీ సార్ ఫోన్ చేశాడు. యూనివర్సిటీకి రికార్డుల కాపీ అందిందట. సర్వర్‌ను హైదరాబాద్‌లో ఎవరికో అమ్మేశారట. నెలాఖరుకు బండి వస్తుంది. ఆ తర్వాత నా సంగతేమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 17

"మేడం, మీ కోసం ఒక పిల్ల అచ్చింది" అని బిక్షమ్మ గేటు దగ్గర నుంచి అరిచింది. నేను నమ్మలేదు.

మనీష. మా చివరి సివిల్ బ్యాచ్, రెండేళ్ల కింద పాసైంది. రామన్నపేట దగ్గర పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.టెక్. వాళ్ల ఊరి బోర్ల మీద ప్రాజెక్టు చేస్తోంది. భూమి లోపలి నీళ్లకు కంప్యూటర్‌లో మోడల్ కట్టింది. ఫలానా చోట కొత్త బోరు వేస్తే ఎవరి బోరులో నీళ్లు ఎంత దిగుతాయో అది చెబుతుంది. కానీ రాయి కింద ఏముందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని అంచనా కొద్దికొద్దిగా మారుస్తూ ఆ మోడల్‌ను వందలసార్లు నడపాలి, ఒక్కోసారి నడపడం ఒక రన్. ల్యాప్‌టాప్ కాగిపోయి ఆగిపోతోందట. యూనివర్సిటీ సర్వర్‌లో తన వంతు వచ్చేసరికి సబ్‌మిషన్ గడువు దాటిపోతుందట.

"మన కాలేజీ సర్వర్ ఇంకా బతికే ఉందా మేడం?" అని అడిగింది.

ఉంది అన్నాను. నా గురించి అడిగినట్టు సంతోషపడ్డాను. సిగ్గేసింది.

ఏప్రిల్ 18

మనీషకు మా సర్వర్ మీద నమ్మకం కుదరలేదు. "గిది జర ముసలిది కద మేడం. నా ల్యాప్‌టాప్ పోయినేడాది కొన్నదే." సరే, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాను. ఒకే రన్ రెండింటి మీదా వదిలాం. ల్యాప్‌టాప్ ముందు ముగించింది. సర్వర్ వంక ఆమె జాలిగా చూసింది.

ఇప్పుడు వందల రన్స్ అన్నీ రెండింటి మీదా వదలమన్నాను.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో కోర్లు, అంటే లెక్కలు చేసే చేతులు, తక్కువ. ఒక్కోటి మాత్రం చురుకు. ఒక మనిషి ఒక ఫైలు తెరిచి, మూసి, కాసేపు ఊరుకుంటాడని లెక్కేసి చేసింది అది. సన్నని ఒంట్లో వేడి పోవడానికి దారి ఉండదు, అందుకే వేడెక్కగానే తనంతట తనే నెమ్మదిస్తుంది. సర్వర్‌లో రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానిలో బోలెడు కోర్లు. విడిగా చూస్తే ఏ కోరూ ల్యాప్‌టాప్ అంత వేగం కాదు. కానీ అన్నీ ఒకేసారి పని చేస్తాయి. ఇవాళ ఎలా నడిచిందో రేపూ ఎల్లుండీ అలాగే నడుస్తుంది. మెమరీలో చిన్న తప్పు దొర్లితే అదే దిద్దుకుంటుంది.

ఇంత చెప్పి, గొప్పగా అన్నీ ఒక్కసారే సర్వర్ మీద వదిలేశాను. మెమరీ చాలక మొత్తం ఆగిపోయింది. మనీష నవ్వి, విడతలుగా సర్దింది. సాయంత్రానికి ల్యాప్‌టాప్ పాకుతోంది. సర్వర్ చాలా ముందుకు పోయింది.

ఆమె తెచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ఇద్దరం తిన్నాం.

ఏప్రిల్ 20

రన్స్ నడుస్తున్నాయి. మనీష నా గదిలోనే ఉంటోంది. పక్కన ఒక మనిషి ఉంటే రోజు ఇంత పొట్టిదా!

ఏప్రిల్ 22

బండి రేపే వస్తుందని సెక్రటరీ సార్ ఫోన్. నెలాఖరు అన్నారు కదా అన్నాను. తొందరగా కావాలట. కుదరదు, శనివారం రమ్మనండి అన్నాను. కారణం అడిగాడు. పిల్ల చదువు పని నడుస్తోంది అని ఉన్నదే చెప్పాను. కాలేజీలో పిల్లలెవరున్నారని కోప్పడ్డాడు. తాళంచెవి నా దగ్గరుంది సార్ అన్నాను. ఇక్కడ పని చేసిన పన్నెండేళ్లలో ఆయనతో ఎన్నడూ అలా మాట్లాడలేదు.

శనివారమే ఒప్పుకున్నాడు. అదే రోజు నా గది కూడా ఖాళీ చేయాలట.

ఏప్రిల్ 24

రన్స్ అయిపోయాయి. మనీష అన్నం ముట్టలేదు.

వాళ్ల నాన్న మారయ్య తన చేను తూర్పు కొసన కొత్త బోరు వేయాలనుకున్నాడు. ఆదివారానికి బోరు వేసే రిగ్గు బండి మాట్లాడాడు. ఆ పక్క చేను ఆయన తమ్ముడు లింగయ్యది. అక్కడ బోరు వేస్తే దాదాపు అన్ని రన్స్‌లోనూ లింగయ్య బోరు మొదటి ఎండాకాలమే ఎండిపోతోంది. భూమి పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

"చెప్తే బాపు నన్నే తిడ్తడు మేడం. చిన్నాయిన దిక్కు మాట్లాడ్తున్నవ్ అంటడు. మీరైతే ఏం చేస్తరు?"

కోపం తెచ్చుకునేంత దగ్గరివాళ్లు నాకెవరున్నారు?

ఏప్రిల్ 25

మనీష రాత్రే ఫోన్‌లో వాళ్ల బాపుకు చెప్పేసింది. మారయ్య పొద్దున్నే మోటర్‌సైకిల్ మీద ఇక్కడికే వచ్చాడు. సర్వర్ రూమ్ బయట చెప్పులు విడిచి, లోపలి చలికి తువ్వాల కప్పుకున్నాడు.

"గిదేనా? గీ డబ్బ చెప్తే నేను బోరు ఆపుకోవాల్నా?"

ఆపమని అది చెప్పదు అన్నాను. రాయి కింద ఇలా ఉండొచ్చు, అలా ఉండొచ్చు అని వందలసార్లు చూశాం. ఎక్కువసార్లు మీ తమ్ముడి బోరు ఎండింది, కొన్నిసార్లు ఎండలేదు. తప్పు కూడా కావచ్చు.

"మరి నాది?"

"నీకు నీళ్లొస్తయి బాపు" అంది మనీష.

"నాకొస్తయి, వానికి పోతయి. గంతేనా?"

"గంతే."

సర్వర్ దగ్గరికి పోయి దాని మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు అన్నదమ్ములున్నరా బిడ్డా?"

కొత్తకోటలో ఒక తమ్ముడున్నాడని చెప్పాను.

"మాట్లాడుకుంటరా?"

లేదన్నాను. "గట్లనే ఉంటది" అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 27

సర్వర్‌ను తీసుకుపోయారు. దుప్పట్లలో చుట్టి మరీ. మనీష తన ఫలితాలు ముందే కాపీ చేసుకుంది. థీసిస్‌లో మీ పేరు రాస్తా మేడం అని ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజాన వేసుకుని బస్సెక్కింది. ఏసీ ఆపాను. బిక్షమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

నల్లగొండలో గది కిరాయికి తీసుకున్నాను. కిటికీ ఎదురుగా గోడ.

మే 3

మనీష మెసేజ్ పెట్టింది. రిగ్గు బండి ఊరి దాకా వచ్చి తిరిగిపోయిందట. మారయ్యే పంపేశాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు లింగయ్య గట్టు మీద నిలబడి, రిగ్గు ఎందుకు వాపస్ పోయిందని అడిగాడట. ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదటి మాట.

"రాయి గట్టిగున్నదట" అన్నాడట మారయ్య.

ఆ అబద్ధం ఉన్న మెసేజ్ మళ్లీ మళ్లీ చదివాను. కొత్తకోటలోని తమ్ముడి నంబర్ తీశాను. చేయలేదు.

మే 9

ఉద్యోగం కోసం రెండు స్కూళ్లకు తిరిగాను. చెబుతామన్నారు.

మే 14

మారయ్య ఫోన్ చేశాడు, నంబర్ మనీష ఇచ్చిందట. ఏమైందని కంగారుగా అడిగాను. "ఏం లేదు బిడ్డా. తిన్నవా?"

తిన్నానన్నాను.

ఫోన్ పెట్టేసి, లేచి స్టవ్ వెలిగించి అన్నానికి ఎసరు పెట్టాను.