శనివారం దాకా ఆగని డేటా

శుక్రవారం, నరసరావుపేట

నిన్న అర్ధరాత్రి మా వీధి మరియమ్మ ఫోన్ ప్యాక్ గడువు తీరింది. నెలంతా మిగుల్చుకున్న డేటా దాంతోపాటే పోయింది.

పుణెలో బిల్డింగ్ పనికెళ్లిన భర్తకు ఎల్లుండి సెలవు. వీడియో కాల్ పెట్టి, ఫోన్ పొయ్యి పక్కన నిలబెట్టి, ఆయన చూస్తుండగా పూటంతా వంట చేయాలని ఆమె ఆశ. మిర్చి కోతల్లో తోటివాళ్లు సినిమాలు చూస్తున్నా తను నెట్ ఆన్ చేయలేదు.

మిగిలిన డేటాను వచ్చే నెలకు కలిపే 'రోలోవర్' మీద మా పేపర్‌కు వార్త రాయడానికి వెళ్తే, "మిగిలింది ముందుకొస్తదన్నారు గదన్నా?" అంది.

వస్తుంది, గడువులోపే మళ్లీ రీచార్జ్ చేస్తే. కూలి చేతికొచ్చేది శనివారం. అప్పుడు చేయించే చిన్న రీచార్జ్ ఒక్కటే పూటంతా కాల్‌కు చాలదు.

"మా మేస్త్రీ శనివారమే ఇస్తాడని ఆ కంపెనీకి తెలవదా ఏంది?" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "ఆయన గడ్డం పెంచాడంట. సరిగ్గా చూడనే లేదు" అంది.

రోలోవర్ లాభమేనని వార్తలో రాశాను, గడువు షరతుతో సహా. నా భార్య సుజాత ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్లాక నా డేటా నెలనెలా ముందుకు జరుగుతూనే ఉంది. రీచార్జ్ ఎప్పుడూ తప్పలేదు. మాట్లాడుకోవడమే...

ఆదివారం ప్రార్థన అయ్యాక సాయంత్రం దాకా నా ఫోన్ మరియమ్మ వంటింట్లో ఉంటుంది. ఆ రోజు నేను దొరకనని చెప్పడానికి రేపు సుజాతకు ఫోన్ చేయాలి.