బావ రిమోట్‌కు నేను పెట్టిన పేర్లు

జనగామ, బంద్ రోజు రాత్రి.

మొన్న భోజనాల దగ్గర అక్క భర్త, గుంటూరు బావ, తన స్నేహితుల ముందు నాయిన మాటను వెక్కిరించాడు. “పోయినం, వచ్చినం” అంటూ సాగదీశాడు. నాయిన ముద్ద చేతిలోనే పెట్టుకుని తల వంచుకున్నాడు.

కొత్త టీవీ రిమోట్‌కున్న చిన్న తెర మీద బటన్ల పేర్లు తెలుగులోకి మార్చే పని బావ నాకే ఇచ్చాడు. మార్చాను. బొమ్మ ఆపడానికి ‘జర ఆగు’, సౌండ్ తీసేయడానికి ‘నోర్ముయ్’.

ఇవాళ బంద్ కదా, అదే స్నేహితులు మళ్లీ టీవీ ముందు చేరారు. బావ ఫోన్ మోగితే, టీవీ సౌండ్ ఆపాలని రిమోట్ అందుకున్నాడు.

“మ్యూట్ ఎక్కడుంది, పద్మా?”

“గా కిందనే రాసున్నది బావా, జర గట్టిగ చదువుండ్రి.”

చదివాడు. “నోర్ముయ్.”

నాయిన ఒక్కడే నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

రేపు అక్కను సాధిస్తాడేమో... అదొక్కటే దిగులు. పేర్లు మార్చడం ఆయనకు రాదు. నన్ను మార్చమంటే, ముందు నాయినను అడగమంటాను.