దక్షిణానికి పడే నీడ

జైలు నుంచి, మార్చి

ప్రియమైన తారా,

ఫ్యాక్టరీలో నేను చూసుకునే బాయిలర్ పేలిన కేసులో ఇక్కడికొచ్చాక చేతికి వాచీ లేదు. గంట కొడతారు గానీ అది వాళ్ళ టైం. ఆవరణలో పుల్ల పాతి నా టైం నేను చూసుకుంటున్నాను. "ఏంది పాండురంగన్నా, పంచాంగం జూస్తున్నవా?" అని జవాన్లు నవ్వుతారు.

నాచారంలో మన డాబా మీద నేను చువ్వ బిగించి చేసిన నీడగడియారం ఉందిగా. రోజూ మధ్యాహ్నం నీడ బాగా పొట్టిదయ్యే వేళకు నువ్వూ మెట్లెక్కి చూడు. ఇద్దరం ఒకే పని చేస్తున్నామనుకుంటే నాకు పొద్దు గడుస్తుంది. ఫోన్‌లో మాట అందుకునేలోపే కట్ అవుతుంది. ములాఖత్‌కు రావడం కష్టమైతే మానెయ్, ఇది మాత్రం మానకు.

నీ పాండురంగ

నాచారం, జూన్

నా నీడగడియారం మేస్త్రీకి,

ఈ ఎండలకు ములాఖత్‌కు రాలేకపోయాను, కోపం పెట్టుకోకండి. డాబా మాత్రం రోజూ ఎక్కుతున్నాను. "ఎండల ఏం జేస్తున్నవ్ వదినా?" అని పక్కింటి సుబ్బులు అడిగింది. మా ఆయనతో మాట్లాడుతున్నానంటే వింతగా చూసి పోయింది. నిన్న కూడా నీడ ఉత్తరం వైపే, బెత్తెడు పడింది. నేను బాగున్నాను. మీరు వేళకు తినండి.

మీ తార

జైలు నుంచి, జూన్

తారా,

నువ్వు డాబా ఎక్కలేదు.

మన వైపు మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. ఇక్కడ నా పుల్ల నీడ అటే ఉంది. ఎప్పుడో చలికాలంలో చూసిందే గుర్తు పెట్టుకుని రాశావు.

నాకు కోపం లేదు, భయంగా ఉంది. నన్ను వదిలేసుకోవాలనుకుంటే చెప్పు. మీ తమ్ముడు జీవన్ మొదటి నుంచీ అదే అంటున్నాడు కదా, తప్పనను. జాలిపడి మాత్రం జాబులు రాయకు.

పాండురంగ

ఉప్పల్, జూలై

ప్రియమైన మీకు,

చూడని నీడను చూశానన్నది నిజమే. ఏప్రిల్‌లో కాలికి లేచిన పుండు షుగర్ వల్ల మానలేదు. దవాఖానాలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. మీకు తెలిస్తే అన్నం మానేస్తారని ఎవరినీ చెప్పనివ్వలేదు. మెట్లెక్కలేను కనుక నాచారం ఇల్లు ఖాళీ చేసి, ఇక్కడి బస్ డిపో వెనక జీవన్ ఇంట్లో కింది గదిలో ఉంటున్నాను. ఇక్కడికి ఎండ రాదు. మీ జాబులు పాత ఇంటాయన దగ్గర నుంచి వాడే తెస్తున్నాడు. మీ మీద ఎగిరిన ఆ జీవనే ఇప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పుతున్నాడు.

వదిలేసుకుంటావా అని అడిగారు. చదివి ఏడ్చాను, తర్వాత మిమ్మల్ని నోరారా తిట్టాను. "ఇంక దాయకక్కా, బావ ఆడ ఫికర్‌తోని సస్తడు" అని జీవనే కాగితం తెచ్చి ఇచ్చాడు.

మీరు విడుదలయ్యే రోజు గేటు బయట నా కోసం వెతకకండి. జీవన్ వస్తాడు, వాడితో మాట పట్టింపు లేకుండా బండెక్కండి. నేను మంచం మీద లేచి కూర్చుని ఉంటాను.

మీ తార