బంగారం కాటాలో గంజాయి

ఆదోని, మంగళవారం రాత్రి

తాళిబొట్లు తూచే నా కాటాలో ఈ రోజు పోలీసులు గంజాయి తూయించారు. నన్ను కాటాతో సహా పత్తి మార్కెట్ దగ్గరికి పిలిపించారు. అక్కడి హమాలీ ఈరన్న జేబులో దొరికిన పొట్లమది. పిడికెడు కూడా లేదు. తూకం చెప్పి, "ఇంత దానికి జరిమానా ఏసి పంపిస్తే సాలదా సార్?" అన్నాను. "చిటికెడైనా మూటైనా కేసు కేసే" అన్నాడు ఎస్సై. అప్పటికే ఎదుటి బ్రాందీ షాపు ముందు ఇద్దరు తాగి పడి ఉన్నారు. వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఇదేం చట్టమో! ఈరన్న జైలుకు పోయి వస్తే ఏ మండీ షావుకారు మళ్ళీ మూట ఎత్తనిస్తాడు?

సాయంత్రం అతని భార్య సుంకమ్మ అంగడికి వచ్చి నా మీద విరుచుకుపడింది.

"నువ్వే తూసినావంట కదన్నా! రవ్వంత తక్కువ సెప్పింటే నీ సొమ్మేం పోతుండె?"

"తక్కువ సెప్పినా పట్టుకపోతుండ్రి సుంకమ్మా. వాళ్ళకు తూకంతో పని ల్యా."

నిజమే చెప్పాను. గురిగింజెత్తు బంగారం తేడా వస్తే రోజంతా కొట్లాడే మనిషిని నేను. ఆ నిజం నా నోటికే ఎబ్బెట్టుగా ఉంది.

ఆమె కాటా వైపు వేలు చూపించింది.

"తూకంతో పని ల్యాకుంటే నిన్నెందుకు పిలిచినారన్నా?"