రొంటిన పిస్తోలు

1941 జూలై 6

బాలకిష్టయ్యకు పిస్తోలు లైసెన్సు వచ్చింది. పొద్దున్నే వచ్చి చూపించి పోయాడు. పిస్తోలును కాదు, షేర్వాణీ జేబు ఎత్తును. బావా, కనవడ్తున్నదా అని అడిగాడు. లేదన్నాను. కనపడుతూనే ఉంది. గద్వాల బజారులో గుడ్డివాడికి కూడా కనపడుతుంది. వాడికి కావలసిందీ అదే.

వాడు నా భార్య తమ్ముడు. ఇద్దరం మగ్గాల ఇళ్లలో పుట్టాం. నేను మగ్గం గుంటలోంచి లేచి చదువుకున్నాను. సంస్థానం కచేరిలో మున్షీగా ఉండి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, కొంత ఫార్సీ చదివాను. వాడు సంతకం దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు వీధిలో సగం మగ్గాలు వాడివి. నాకు పింఛను, రెండు బీరువాల పుస్తకాలు.

పోయిన వేసవిలో కొత్తకోట దారిలో దొంగలు వాడి చీరల బండిని ఆపి, మళ్లీ ఈ దారిన వస్తే తల తీస్తామన్నారట. అప్పటినుంచి ఊరు వాడిని చూసే తీరే మారింది. తల తీయదగిన మనిషి అయ్యాడు.

నా తల ఎవరికీ అక్కరలేదు.

జూలై 9

నా భార్య తిరుపతమ్మ చనిపోయే ముందు తమ్ముణ్ని పిలవమంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నన్ను బయటికి పొమ్మని, వాడితో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

పిస్తోలు గురించి రాద్దామని కూర్చున్నాను. ఇది ఎందుకు వచ్చిందో.

జూలై 14

నాకూ ఒక పిస్తోలు లైసెన్సు కోసం పోలీసు అమీన్ సాబ్ దగ్గరికి పోయాను. కారణం అడిగాడు. ప్రాణభయం అన్నాను. మీకు దుష్మన్ ఎవరున్నరు మున్షీజీ అన్నాడు.

ఆలోచించాను. కచేరిలో నా వెనక గోతులు తవ్వినవాళ్ల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కడినీ తలుచుకున్నాను. కొందరు చచ్చిపోయారు. మిగిలినవాళ్లు నన్ను మరిచిపోయారు.

ఇంటికి పోయి ఆరాం చెయ్యుండ్రి, మీ మీద తూటా ఎవడు ఖర్సు వెడ్తడు అన్నాడు. జవాన్లు నవ్వారు. లైసెన్సు లేని ఆయుధం దొరికితే జైలే, పింఛను కూడా బంద్ అని నేను అడగకుండానే చెప్పి పంపాడు.

జూలై 15

కొంటాను.

ఆగస్టు 3, కర్నూలు

ఏసురత్నం అని ఒకడున్నాడు. ఒకప్పుడు దొరల వెంట షికారుకు తిరిగి, ఇప్పుడు పెరటి గదిలో తుపాకులు బాగుచేస్తాడు. లైసెన్సు అడగని మనిషి. కంబళి పరిచి మూడు పెట్టాడు.

మొదటిది రివాల్వర్. నమ్మకమైనదే, కానీ గుండ్లు తిరిగే చక్రం మధ్యలో ఉబ్బుగా ఉంది. పంచెలో దోపితే నిండు చూలాలిలా ఉంటాను. రెండోది రెండు గొట్టాల బుల్లి పిస్తోలు. అరచేతిలో ఇమిడింది. కానీ దాని సుత్తి వెనక్కి కొక్కెంలా పొడుచుకుని ఉంది. తీసేటప్పుడు పంచె పోగులకు తగులుకుంటుంది. మూడోది బెల్జియంలో చేసిన పాకెట్ పిస్తోలు. పలక లాగా పలచన. సుత్తి లోపలే ఉంది. ఎక్కడా మూల లేదు, ముల్లు లేదు.

ఏసురత్నం రివాల్వరే తీసుకోమన్నాడు. ఈ చిన్నదాని దెబ్బ దూరం పోదు సార్, మనిషి మీద పడితే తప్ప పనిచేయదు అన్నాడు. నాకు దెబ్బతో పని లేదు, కనపడకపోవడమే కావాలి అన్నాను. కనపడకుంటే ఇంకెవరు భయపడతారు సార్ అన్నాడు.

వాడికేం తెలుసు. బాలకిష్టయ్య పిస్తోలు ఊరంతటికీ తెలిసిన రహస్యం. నాది నాకొక్కడికే తెలియాలి. వాడు నా ఎదుట కూర్చుని మగ్గాల గొప్పలు చెబుతుంటే, వీడి ప్రాణం నా రొంటిలో ఉంది అని నేనొక్కణ్నే అనుకోవాలి.

మూడోది తీసుకున్నాను.

ఆగస్టు 10

రొంటిలో ఎక్కడ అన్నది సమస్య. ఎడమ పక్క పొడుం డబ్బీ ఉంటుంది. వీపు వైపు పెడితే కుర్చీకి తగులుతుంది. చివరికి కుడి పక్కన, బొడ్డు కిందికి, పంచె కుచ్చెళ్ల లోపల కుదిరింది. పైన వదులు లాల్చీ. అద్దం ముందు నిలబడ్డాను, కూర్చున్నాను, వంగి చెప్పులు తీశాను. ఏమీ కనపడదు.

వంట చేసే ఎంకమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. అద్దం ముంగట గింతసేపు ఏందయ్యా, పిల్లను గిట్ల చూస్తున్నరా నీకు అంది. నా ఈడు పిల్ల దొరకాలంటే శ్మశానంలో వెతకాలంట. దీని నోటికి లైసెన్సు ఎవరిచ్చారో.

బజారంతా తిరిగి వచ్చాను. ఒక్కడూ నా వైపు చూడలేదు. సంతోషించాను. తర్వాత కోపం వచ్చింది.

ఆగస్టు 24

బాలకిష్టయ్య వచ్చి కూర్చున్నాడు. హైదరాబాదు షావుకార్లు తన చీర అంచు పట్టుకుని ఎలా నోరు తెరిచారో చెప్పాడు. నా చెయ్యి లాల్చీ కింద ఉంది. ఈ మధ్య ఇంత హాయిగా వాడి మాటలు విన్నది లేదు. ఏంది బావా, ఊకె నవ్వుతున్నవు, పానం మంచిగ లేదా అని అడిగాడు.

సెప్టెంబర్ 29, ఆయుధ పూజ

వాడు మగ్గంలో పోగు తిప్పే నాడెల పక్కన పిస్తోలు పెట్టి పూజ చేయించాడు. పట్టు గుడ్డ మీద. పసుపు, కుంకుమ, బంతిపూలు. చూడడానికి వీధి వీధంతా వచ్చింది. ఆడవాళ్లు దానికి దండం పెడుతున్నారు. పిస్తోలుకు!

నేను కలం పెట్టాను. నా పిస్తోలుకు కుంకుమ బొట్టు కూడా లేదు. వాడిదాని కంటే మంచి పిస్తోలు ఇది. ఎవరికి చెప్పను?

రేపు దసరా, జమ్మి దగ్గరికి పోతాను. తిరుపతమ్మ పోయినప్పటినుంచి పోవడం మానేశాను. రేపు వాడి పక్కనే నిలబడతాను. ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఊరు వాడినే చూస్తుంది. చూడనీ.

అక్టోబర్ 1, పొద్దున

కూర్చుంటే చూసుకున్నాను, వంగితే చూసుకున్నాను. కంటికి కనపడకూడదనుకున్నాను, కనపడలేదు. దసరా నాడు ఊరంతా ఒకరినొకరు కావలించుకుంటుందన్నది మరిచాను. చిన్నప్పటినుంచి జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చినవాణ్ని, మరిచాను. ఇన్ని పుస్తకాలు చదివిన తల ఇది.

నిన్న జమ్మి పూజ అయింది. అందరికంటే ముందు బాలకిష్టయ్యే వచ్చాడు. ఆకు పెట్టి, బావా అంటూ గట్టిగా హత్తుకున్నాడు. నేను వెనక్కి తగ్గేలోపే తగిలింది. వాడి ఒళ్లు బిగుసుకుంది. నా చెవి దగ్గర ఊపిరి ఆగింది. పిస్తోలు మోసేవాడికి అదేమిటో చెప్పాలా?

వాడి భుజం మీదుగా చూస్తే అమీన్ సాబ్. చేతులు చాపి నవ్వుతూ వస్తున్నాడు. రండ్రి మున్షీజీ, పండుగ పూట పాత కోపాలొద్దు అంటున్నాడు. నాకు జైలు కనపడింది.

బాలకిష్టయ్య నన్ను వదలకుండానే అటు తిరిగాడు. ఊరంతా వినేలా అరిచాడు. అమీన్ సాబ్, ఆగుండ్రి, జర పైలం! బావకు గజ్జల్ల పేగు జారింది, పట్టీ కట్టుకున్నడు, గట్టిగ వట్టుకుంటే పానం వోతది అన్నాడు.

అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. అమీన్ సాబ్ అయ్యో అంటూ దూరంనుంచే ఆకు ఇచ్చాడు. ఎవడో నవ్వాడు. గందుకేనా పెద్దాయన రెండు నెల్లసంది అట్ల పక్కకు ఒరిగి నడుస్తుండు, నేను మా ఇంట్ల అననే అన్న అని ఇంకెవడో అన్నాడు.

అంటే నా నడకను చూశారు. అందరూ చూశారు.

అక్టోబర్ 1, సాయంత్రం

వాడు వచ్చాడు. తలుపు వేసి కూర్చున్నాడు. గుండ్లు తీసినవా లేదా అని ముందు అడిగాడు. తీయలేదన్నాను. తల పట్టుకున్నాడు. ఇద్దరం ఒక్క పాడె మీద పోతుంటిమి గద బావా, పండుగ పూట అన్నాడు.

నా కోసమే కొన్నవా అని అడిగాడు. నేను గోడను చూశాను. గంత కోపమెందుకు నా మీద, నీదేం గుంజుకున్న నేను అన్నాడు.

చెప్పాలని నోరు తెరిచాను. మగ్గాలు వాడు కష్టపడి పెట్టుకున్నవి. దొంగలు వాడికి దొరికిన దొంగలు. ఒకటి మిగిలింది. అదే అన్నాను. చివరి రోజు మీ అక్క నన్ను బయటికి పంపి నీతో మాట్లాడింది అన్నాను.

వాడు ఆశ్చర్యపోయాడు. గది నీ ముచ్చటే గద బావా అన్నాడు. ఆయన నోరు చెడ్డది, మంది దగ్గరికి రారు, నువ్వు ఇడిచిపెట్టకు, తిట్టినా పడు, నెలకొకపారి అన్న పొయ్యి కూసో అన్నదట. ఆయనకు చెప్పకు, చిన్నతనం అనుకుంటడు అని ఒట్టు కూడా వేయించుకుందట. నీ తిట్లు పడుడు నాకేం సరదా అనుకున్నవా అన్నాడు.

రాజోలికి పోయే పని ఉంది, తుంగభద్రలో ఇసిరేస్త, ఇయ్యి అన్నాడు. గుండ్లు తీసి ఇచ్చాను.

నా గురించి ఆమె చివరి మాట కూడా వాడికే చెప్పింది. నాకు కాదు. అది వాడి దగ్గరే ఉంది ఇన్నాళ్లూ. పిస్తోలు విసిరేస్తాడో, దాచుకుంటాడో కూడా నాకు తెలియదు.

అక్టోబర్ 4

ఆముదం వచ్చింది. వీధి చివరి ఈదమ్మ ఏదో ఆకు పసరు పంపింది. బరువు ఎత్తొద్దని, దగ్గొద్దని, గట్టిగా నవ్వొద్దని సలహాలు. ఎంకమ్మ రోజంతా తిడుతూనే ఉంది. గింత రోగం వెట్టుకోని అద్దంల చూసుకుంటివా, నాకు చెప్తే ఏం వోతుండె అంది. ఎత్తుపీట కూడా నన్ను జరపనివ్వడం లేదు.

అక్టోబర్ 11

అమీన్ సాబ్ ఇంటికి వచ్చి పరామర్శించాడు. కర్నూలు దవాఖానలో తెలిసిన డాక్టరు ఉన్నాడట, చీటీ రాసిస్తాడట. దుష్మన్ లేని మనిషి అన్నవాడే కన్నతండ్రిలా మాట్లాడుతున్నాడు. ఆయన వెళ్లేదాకా కుంటుతూ నడిచాను.

సాయంత్రం బాలకిష్టయ్య నిజం పట్టీ పంపాడు. మెత్తటి తోలు, లోపల స్ప్రింగు. కట్టుకో బావా, లేకుంటే నా మాట అబద్ధమైతది అని చెప్పి పంపాడు.

కట్టుకున్నాను. నాకు సరిగ్గా సరిపోయింది. నా నడుము కొలత వాడికెలా తెలుసు?

నవంబర్ 2

ఈ రోజు మెట్లు ఎక్కుతుంటే కుడి గజ్జలో నిజంగానే నొప్పి వచ్చింది. తడిమితే మెత్తగా ఒక ఎత్తు. ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా.