నాన్న కట్టిన గోడ

అనకాపల్లి,
శుక్రవారం.

నాన్నకు,

నీ షైనీ వందనాలు. ఫోనులో చెబితే సగంలో పెట్టేస్తావని ఈ ఉత్తరం రాసి తమ్ముడు స్టాన్లీ చేతికిస్తున్నాను.

నిన్న తుమ్మపాల రోడ్డు కాలనీలో త్రినాధరావుగారి కొత్త ఇంటికి నోటీసు అంటించినప్పుడు, తాపీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డది నువ్వే. "నా గోడకి నువ్వు నోటీసిత్తావేటే? నా పనికి తప్పు రాసేంత దానివైపోనావా?" అని కూలీలందరి ముందూ అరిచావు. వార్డు ప్లానింగ్ కార్యదర్శిగా నేను చెప్పవలసింది చెప్పి వచ్చేశాను. ఆ వీధి ఇరవై అడుగులే. ముప్పై చేయాలి గనుక, కొత్తగా కట్టేవాళ్ళు తమ స్థలంలో ఐదేసి అడుగులు రోడ్డుకి వదలాలి. ఇంటి ముందు ఖాళీ ఆ తరవాతే లెక్క. మంజూరైన ప్లానులోనూ అలాగే ఉంది. గోడ మాత్రం రోడ్డు అంచునే లేచింది. ఎవరి గోడైనా నేను అదే రాస్తాను.

నీకు ఎన్నడూ చెప్పనిది ఒకటుంది. అమ్మకి పక్షవాతం వచ్చిన పొద్దున అంబులెన్సు మన వీధి మొదట్లోనే ఆగిపోయింది. రెండు వైపులా ఇళ్ళ మెట్లు, అరుగులు వీధిలోకి తోసుకొచ్చి ఉన్నాయి. మంచంతో సహా మోసుకెళ్ళాం. ఇంకొంచెం ముందు తేవలసిందన్నాడు డాక్టరు. అమ్మ కుడిచెయ్యి మరి లేవలేదు. ఆ మెట్లు కట్టింది నువ్వే నాన్నా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ మాట నోట్లోనే ఉంచుకుని ఈ ఉద్యోగానికి చదివాను.

నువ్వు పని చేసుకునే చోట నీకు తలవంపులు తేను. బదిలీకి దరఖాస్తు రాసుకున్నాను, సోమవారం ఇస్తాను. నోటీసు మాత్రం వెనక్కి తీసుకోను.

నీ కూతురు,
షైనీ

మాకవరపాలెం,
ఆదివారం.

షైనీ తల్లికి,

చర్చి నుంచి వచ్చాక స్టాన్లీ నీ ఉత్తరం ఇచ్చాడు. మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ మెట్ల సంగతి నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు మంచం తలవైపు పట్టుకున్నది నేనే. నేను కట్టిన మెట్టే నా మోకాలికి కొట్టుకుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మొన్న నువ్వు నోటీసు అంటిస్తే, ఇన్నాళ్ళకి అడిగినట్టయింది. అందుకే అరిచాను.

నువ్వు వెళ్ళాక త్రినాధరావు వచ్చి, "మేస్త్రీ, మీ అమ్మాయే గదా. మీరో మాట సెప్తే ఒగ్గేత్తాది" అన్నాడు.

"సెప్పను బాబూ. గోడ నేను కట్టేను, నేనే తీసేత్తాను. కాదంటే ఇంకో మేస్త్రీని సూసుకోండి" అన్నాను.

ముఖం మాడ్చుకున్నాడు. మెట్లు లోపలికి తిప్పి, వరండా కుదించి గీసి చూపిస్తే చివరికి ఒప్పుకున్నాడు. ఒక్క గదీ పోలేదు. నీ ఉత్తరం నా చేతికి రాకముందే, నిన్ననే, గోడ పడగొట్టేశాను.

"బదిలీ గిదిలీ అన్నాదంటే నేనే బయల్దేరి వత్తానని రాయండి" అంటోంది మీ అమ్మ. ఆ కాగితం చింపెయ్యి.

బుధవారం త్రినాధరావు ఇంటి పక్కనే నానాజీ స్థలంలో పునాదికి ముగ్గు పోస్తున్నాం. తవ్వకముందే వచ్చి కొలతలు చూడు. కూలీల ముందు నిన్ను మేడమ్ అనే పిలుస్తాను. నవ్వకు.

మీ నాన్న,
అబ్రహాం