చెవుల పైన వెలుగు

ఫిబ్రవరి 2, ఆదివారం
నాది వానాకాలం చదువు. చర్చి వేదిక మీద నేను గర్జిస్తాను, ముందు వరసలోంచి నా భార్య బైబిలు అధ్యాయం, వచనం అందిస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. ఈరోజు వచనం కోసం ఆమె వైపు చెయ్యి చాపాను. ఆమెకు గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 6
ఆమెకు లింఫోమా క్యాన్సర్ పోయిందని డాక్టర్లు చెప్పి ఏడాది తిరగలేదు. అదే మెదడుకెక్కిందా, మందులు తెచ్చిన మరపా? తేల్చడానికి పెట్ స్కాన్ చేయాలంది డాక్టరమ్మ. నరంలోకి రేడియోధార్మిక చక్కెర ఎక్కిస్తారట. మెదడులో ఎక్కువ పనిచేసే చోటు దాన్ని ఎక్కువ తాగి వెలుగుతుందట. చెడ్డ కంతి ఉన్నా అంతే. మా ఆయనకు చేస్తే తలంతా చీకటి, గొంతొక్కటే వెలుగు అంది నా భార్య. డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 11, ఉదయం
సూది వేశారు. ఇక ఆమె మసక గదిలో కళ్లు మూసుకుని పడుకోవాలి. మాటా చదువూ వద్దు, చెవిన శబ్దం కూడా పడకూడదు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

అదే రోజు, సాయంత్రం
మెల్లగానే మొదలుపెట్టాను, దేవుడే సాక్షి. మెల్లగా మొదలై మెల్లగా ముగిసిన ప్రార్థన నా జన్మలో లేదు. ఈమెను నాకు విడిచిపెట్టు తండ్రీ అనేసరికి బెంచీ కూడా చరిచాను. టెక్నీషియన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, అయ్యగారూ, దేవుడికి చెవుడు లేదండీ అంది.

ఫిబ్రవరి 12
నా నోటి దురుసుకు స్కాన్ పాడైతే? ఆమెకు చెప్పలేదు.

ఫిబ్రవరి 15
డాక్టరమ్మ తెర మీద చూపించింది. కంతి లేదు. కుర్చీలోనే స్తోత్రం చెప్పుకున్నాను. నుదుటి వెనక కాస్త మసకగా ఉంది, మందుల వల్ల. నెమ్మదిగా తేరుకోవచ్చు, పాత జ్ఞాపకమంతా వస్తుందని మాత్రం మాటివ్వలేనంది.

రెండు చెవుల పైన మాత్రం భగ్గుమంటోంది. అది వినే చోటట. గదిలో ఎవరైనా రేడియో పెట్టారా అని అడిగింది.

నేను నా చెప్పుల వైపు చూశాను.

నా భార్య నిట్టూర్చింది. మీ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తానని ఇన్నేళ్లూ నమ్మించానండీ, ఈ మిషను నన్ను పట్టిచ్చేసింది అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం
దేవుడు గాలిలో లేడు, నిప్పులో లేడు, మెల్లని స్వరంలో ఉన్నాడని బైబిలు మాట. దాని మీదే, ఈసారి మెల్లగా, ప్రసంగించాను. ఎన్నో వచనమో ఇద్దరికీ తట్టలేదు.

ముందు వరసలోంచి ఆమె చెయ్యెత్తింది. గొంతు పెంచమని.